29-28: ఒక రష్యన్ బాక్సర్ కెరీర్‌ను మింగేసిన స్కోరు

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ ఉంటుందా ఉండదా అన్న టెన్షన్ 2025 మార్చిలో తీరింది. ఆటను ఉంచాలనే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఓటేసింది. అసలు అంత పాత ఆటను తీసేసే పరిస్థితి ఎందుకొచ్చిందని అడిగితే, చెప్పేవాళ్ళు తప్పకుండా 2016 రియో దగ్గరికి వెళ్తారు. అందులోనూ ఆగస్టు 15న జరిగిన 91 కిలోల హెవీవెయిట్ ఫైనల్ దగ్గరికి. ఆ రోజు రష్యాకు చెందిన యెవ్‌గెనీ తిషెంకో, కజకిస్తాన్ బాక్సర్ వాసిలి లెవిట్ మీద గెలిచాడు. లెక్కలోకి తీసుకున్న ముగ్గురు జడ్జీల స్కోరూ ఒకటే, 29-28. హాల్లో జనం తీర్పు వినగానే గోల మొదలుపెట్టారు. పతకాలిచ్చేటప్పుడు రష్యా జాతీయ గీతం వస్తున్నా ఆ గోల ఆగలేదు.

అప్పటినుంచి తిషెంకో పేరు వినబడితే చాలు, ‘దొంగ తీర్పుతో గెలిచినవాడు’ అని ఒక వర్గం, ‘నిబంధనల ప్రకారమే గెలిచాడు, ఓర్వలేక ఏడుస్తున్నారు’ అని ఇంకో వర్గం బయల్దేరుతాయి. ఈ గొడవలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. రింగ్‌లో ఎవరు బాగా ఆడారు? అప్పటి నిబంధనల ప్రకారం ఎవరు గెలిచినట్టు? జడ్జీలను కూర్చోబెట్టిన పద్ధతి నిజాయితీగా ఉందా? ఈ మూడింటికీ ఒకే జవాబు ఉండాల్సిన అవసరం లేదు. అవి కలగాపులగమైపోవడం వల్లే ఒక మంచి బాక్సర్ కెరీర్ మొత్తం తొమ్మిది నిమిషాల ఆటకు కుదించుకుపోయింది.

రియోకు ముందు తిషెంకో ఎవరు

ముందు ఒక చిన్న అయోమయం తీర్చాలి. రష్యా బాక్సింగ్‌లో ఇద్దరు తిషెంకోలున్నారు. 2004 ఏథెన్స్‌లో ఫెదర్‌వెయిట్, 2008 బీజింగ్‌లో లైట్‌వెయిట్ స్వర్ణాలు గెలిచినవాడు అలెక్సీ తిషెంకో. మనం మాట్లాడుకుంటున్నది యెవ్‌గెనీ గురించి. 1991లో దక్షిణ రష్యాలోని క్రాస్నదార్ ప్రాంతంలో పుట్టాడు. ఎత్తు దాదాపు ఆరడుగుల ఐదంగుళాలు. 91 కిలోల విభాగానికి అది చాలా ఎక్కువ ఎత్తు. అతని ఆట మొత్తం ఆ ఎత్తు మీదే కట్టుకున్నాడు. దూరం నుంచి జాబ్ (ముందు చేత్తో వేసే సూటి పంచ్) వేయడం, ఎదుటివాడు లోపలికి రాబోతే సూటిగా ఒకటి తగిలించి పక్కకు జరగడం, మరీ దగ్గరికొచ్చేస్తే పట్టేసుకోవడం. చూసేవాళ్ళ చేత ఈలలు వేయించే శైలి కాదు. కానీ పాయింట్లు తెచ్చే శైలి.

2013లో మిన్స్క్‌లో యూరోపియన్ ఛాంపియన్ అయ్యాడు. అదే ఏడాది అల్మాటీలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్ళి, ఇటలీకి చెందిన అనుభవజ్ఞుడు క్లెమెంటే రుస్సో చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకున్నాడు. 2015లో సమొకోవ్‌లో మళ్ళీ యూరోపియన్ స్వర్ణం, ఆ తర్వాత దోహాలో ప్రపంచ స్వర్ణం. దోహా ఫైనల్లో అతను ఓడించింది క్యూబాకు చెందిన ఎరిస్లాండీ సావోన్‌ను. అంటే రియోకు వచ్చేనాటికి అతను తన విభాగంలో ప్రపంచ ఛాంపియన్, ముందునుంచీ అనుకుంటున్న ఫేవరెట్. ఎక్కడినుంచో ఊడిపడి పతకం పట్టుకుపోయినవాడు కాదు. ఈ మాట నొక్కి చెప్పాల్సి రావడం బాధాకరమే. ఎందుకంటే రియో తర్వాత రాసిన చాలా కథనాల్లో అతని గతం ఒక వాక్యంలో అయిపోతుంది, ఒక్కోసారి ఆ వాక్యం కూడా ఉండదు.

‘అమెచ్యూర్’ అంటే డబ్బు లేకుండా ఆడేవాడా?

అమెచ్యూర్ అంటే సరదాకు ఆడేవాడు, ప్రొఫెషనల్ అంటే జీతానికి ఆడేవాడు అని మనకొక అలవాటు లెక్క ఉంది. బాక్సింగ్‌లో ఆ లెక్క పనిచేయదు. ఇక్కడ అమెచ్యూర్ అంటే ఒక రకమైన పోటీ. మూడు నిమిషాల రౌండ్లు మూడు. రెండు వారాల టోర్నమెంట్లో నాలుగైదు సార్లు రింగ్ ఎక్కాలి, ఒక్కసారి ఓడినా ఇంటికే. ప్రొఫెషనల్‌లో ఒక పోరాటానికి నెలల తరబడి తయారై, పన్నెండు రౌండ్ల దాకా ఆడొచ్చు. అక్కడ నెమ్మదిగా మొదలెట్టి ఎదుటివాణ్ణి అలసిపోనిచ్చే తీరిక ఉంటుంది. ఇక్కడ మొదటి రౌండు పోగొట్టుకున్నవాడికి మిగిలేది ఆరు నిమిషాలే.

సోవియట్ కాలంలో ప్రొఫెషనల్ బాక్సింగ్ అనేదే అధికారికంగా లేదు. బాక్సర్లు సైన్యానికో, దినమో, స్పార్టక్ లాంటి క్రీడా సంఘాలకో చెందినవాళ్ళు. బతుకుతెరువు ప్రభుత్వమే చూసేది. 1964, 1968లో వరుసగా స్వర్ణాలు గెలిచిన బోరిస్ లగూతిన్ ఆ వ్యవస్థలోంచి వచ్చినవాడే. సోవియట్ యూనియన్ పోయాక కూడా రష్యాలో ఒలింపిక్ స్వర్ణం విలువ తగ్గలేదు. రియోలో స్వర్ణం గెలిచిన రష్యన్లకు ప్రభుత్వం 40 లక్షల రూబుళ్ళు ఇచ్చింది. పతక విజేతలకు బీఎండబ్ల్యూ కార్లు కూడా దక్కాయి. కాబట్టి తిషెంకో లాంటివాడు అమెచ్యూర్ అయినా, బాక్సింగే అతని ఉద్యోగం.

అప్పట్లో ఈ ఆటను నడిపిన అంతర్జాతీయ సంస్థ ఐబా కూడా ఈ గీతను చెరిపేస్తూ వచ్చింది. చొక్కా లేకుండా, ఐదు రౌండ్లు ఆడే వరల్డ్ సిరీస్ ఆఫ్ బాక్సింగ్ అనే లీగ్‌ను 2010లో మొదలుపెట్టింది. 2013లో మగవాళ్ళకు తలకు పెట్టుకునే హెడ్‌గార్డ్ తీసేసింది. రియో మొదలవడానికి కొద్ది నెలల ముందు ప్రొఫెషనళ్ళకూ ఒలింపిక్స్ తలుపు తెరిచింది. వీటన్నిటికంటే ముఖ్యమైన మార్పు స్కోరింగ్‌లో వచ్చింది. మన ముడి విప్పాలంటే అక్కడే మొదలుపెట్టాలి.

పది పాయింట్ల లెక్క: ఎక్కువ కొట్టినవాడు ఓడేది ఇలా

ప్రతి రౌండూ అయ్యాక ప్రతి జడ్జీ ఒక విజేతను తేల్చాలి. గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 లేదా అంతకంటే తక్కువ. పోటాపోటీగా సాగితే 10-9, స్పష్టమైన ఆధిక్యం ఉంటే 10-8, ఒకడు ఇంకొకణ్ణి పూర్తిగా చితగ్గొట్టేస్తే 10-7. రౌండు సమానం అనడానికి వీల్లేదు. ఎవరో ఒకరికి ఇవ్వాల్సిందే. కాగితం మీద ఇన్ని మెట్లున్నా, ఆచరణలో జడ్జీలు 10-8 ఇవ్వడానికి చాలా జంకుతారు. కాస్త పైచేయైనా, బాగా పైచేయైనా 10-9తోనే సరిపెట్టేస్తారు.

ఊహకు ఒక ఆట తీసుకుందాం. మొదటి రౌండ్లో రెడ్ కార్నర్ బాక్సర్ 22 పంచ్‌లు శుభ్రంగా తగిలించాడు, బ్లూ కార్నర్‌వాడు 9. రెండో రౌండ్లో బ్లూ 11, రెడ్ 10. మూడో రౌండ్లో మళ్ళీ బ్లూ 11, రెడ్ 10. మొత్తం పంచ్‌లు కూడితే రెడ్‌వి 42, బ్లూవి 31. స్కోరు కార్డు మీద మాత్రం మొదటి రౌండు రెడ్‌కు 10-9, తర్వాతి రెండూ బ్లూకు 10-9. కూడితే బ్లూ 29, రెడ్ 28. ఒక నియోజకవర్గంలో లక్ష ఓట్ల మెజారిటీతో గెలిచి, మిగతా రెండింట్లో వంద ఓట్లతో ఓడిన పార్టీకి వచ్చేది ఒకే సీటు కదా, ఇదీ అంతే. మొత్తం ఓట్లెన్ని అని ఎవరూ అడగరు.

అందుకే 29-28 అన్న స్కోరు ఒక్కటే చూసి తీర్పు తప్పని చెప్పలేం. మూడింట్లో రెండు రౌండ్లు గెలిచాడని దాని అర్థం, అంతకుమించి ఏమీ లేదు. టీవీ ముందు కూర్చున్నవాళ్ళం తొమ్మిది నిమిషాలనూ ఒకే ముద్దగా చూస్తాం. చివర్లో ఎవరు అలసిపోయి కనిపించారు, ఎవరు ముందుకు దూకుతున్నారు అన్నది మన మనసులో నిలిచిపోతుంది. జడ్జీకి మూడు విడి విడి నిర్ణయాలు, ఒకదానితో ఇంకొకదానికి సంబంధం లేదు.

ఏం చూసి రౌండు ఇవ్వాలన్నదానికీ నియమాలున్నాయి. నడుము పైభాగంలో, ముందువైపు తగిలిన నాణ్యమైన దెబ్బలెన్ని, సాంకేతికంగా, ఎత్తుగడల్లో ఎవరిది పైచేయి, ఎవరిలో పోరాట పటిమ ఉంది. మొదటిది కొంతవరకు లెక్కపెట్టొచ్చు. రెండోది, మూడోది చూసే కంటిని బట్టి మారతాయి. తిషెంకో, లెవిట్‌ల మధ్య తగువంతా సరిగ్గా ఆ సందులోనే ఉంది.

అసలు ఈ పద్ధతి ఎందుకు తెచ్చారు

ఇంతకుముందు పద్ధతిని ఎందుకు వదిలేశారో తెలిస్తే ఐబా ఇబ్బంది కూడా అర్థమవుతుంది. 1988 సోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికాకు చెందిన రాయ్ జోన్స్ జూనియర్ ఆద్యంతం ఆధిపత్యం చూపించాడు. తీర్పు మాత్రం ఆతిథ్య దేశం బాక్సర్ పార్క్ సీ హున్‌కు వచ్చింది. ఆ గొడవ చల్లారక ముందే, 1992 బార్సిలోనాకు కంప్యూటర్ బటన్లు వచ్చాయి. ఒక పంచ్ తగిలిందని ఐదుగురిలో కనీసం ముగ్గురు ఒక్క సెకను వ్యవధిలో బటన్ నొక్కితేనే పాయింటు. మనిషి ఇష్టాయిష్టాలకు చోటివ్వకూడదన్నది ఉద్దేశం.

ఫలితం ఇంకోలా వచ్చింది. వరుసగా నాలుగు పంచ్‌లు పడితే జడ్జీల వేళ్ళు అంత వేగంగా కదలవు. కడుపు మీద పడే దెబ్బలు లెక్కలోకి రావడం అరుదైపోయింది. ఒక్కో పంచ్ విడిగా, అందరికీ కనిపించేలా వేసి తప్పుకునే ఆట పెరిగిపోయింది. బాక్సింగ్ చప్పబడిపోయిందన్న విమర్శ లండన్ 2012 దాకా నడిచింది. 2013లో పది పాయింట్ల పద్ధతికి మారడానికి ఒక కారణం అది. రెండో కారణం, ప్రొఫెషనల్ బాక్సింగ్‌కు దగ్గరవ్వాలన్న కోరిక. బటన్ల కాలంలో వేలి మీద ఉన్న అధికారం తిరిగి జడ్జీ అభిప్రాయానికి వచ్చింది. అభిప్రాయానికి అధికారం ఇచ్చినప్పుడు, ఆ జడ్జీని ఎవరు ఎంపిక చేశారన్నది పాయింట్ల పద్ధతికంటే పెద్ద ప్రశ్న అవుతుంది.

ఐదుగురిలో ముగ్గురే ఎందుకు లెక్క?

రియోలో రింగ్ చుట్టూ ఐదుగురు జడ్జీలు కూర్చునేవారు. అందరూ స్కోరు ఇచ్చేవారు. కానీ కంప్యూటర్ యాదృచ్ఛికంగా ఎంచుకున్న ముగ్గురి స్కోరే లెక్కలోకి వచ్చేది. ఎవరి స్కోరు లెక్కకొస్తుందో ముందుగా తెలియకపోతే లంచం ఇవ్వడం కష్టమవుతుందన్నది దాని వెనకున్న ఆలోచన.

వినడానికి బాగుంది. లెక్కేస్తే మాత్రం ఒక చిక్కు బయటపడుతుంది. ఐదుగురిలో ముగ్గురు రెడ్ గెలిచిందన్నారు, ఇద్దరు బ్లూ అన్నారనుకుందాం. ఐదుగురిలోంచి ముగ్గురిని ఎంచుకోవడానికి 10 రకాలుగా వీలుంది. వాటిలో బ్లూ అన్న ఇద్దరూ వచ్చేసి, రెడ్ అన్నవాళ్ళలో ఒక్కరే వచ్చే కలయికలు 3. అంటే అందరూ నిజాయితీపరులే అయినా, పదింట మూడుసార్లు అసలు మెజారిటీ ఓడిపోతుంది. పోటాపోటీ ఆటల్లో 30 శాతం అవకాశం అంటే చిన్నది కాదు. అవినీతిని ఆపడానికి పెట్టిన తాళం, నిజాయితీ తీర్పులనే తారుమారు చేయగలిగేది. రియో తర్వాత ఐదుగురి స్కోర్లనూ లెక్కలోకి తీసుకునే పద్ధతికి మారిపోయారు. ఆ మార్పు ఎందుకు అవసరమైందో ఈ చిన్న లెక్క చెబుతుంది.

ఆ తొమ్మిది నిమిషాలు

తిషెంకో ఫైనల్ చేరిన దారి కూడా సాఫీగా లేదు. బ్రెజిల్ బాక్సర్ హువాన్ నొగేరాను ఓడించి క్వార్టర్స్ చేరాడు. అక్కడ ఎదురైంది 2013లో తనను ఓడించిన రుస్సోనే. ఈసారి తిషెంకో 29-28తో గట్టెక్కాడు, ఇటలీవాళ్ళు తీర్పును తప్పుపట్టారు. సెమీస్‌లో ఉజ్బెకిస్తాన్‌కు చెందిన రుస్తమ్ తులగనోవ్‌ను దాటాడు. రెండోవైపు లెవిట్ సెమీస్‌లో క్యూబా సావోన్‌ను ఓడించి వచ్చాడు.

ఫైనల్లో లెవిట్ మొదటినుంచీ ముందుకు తోసుకొచ్చాడు. తిషెంకో ఎత్తుకు దూరం కావాలి, లెవిట్ ఆ దూరం ఇవ్వలేదు. తిషెంకో వెనక్కి నడుస్తూ, తాళ్ళ దగ్గరికి చేరుతూ, అక్కడినుంచే జవాబిస్తూ కనిపించాడు. హాల్లో ఉన్నవాళ్ళకు దృశ్యం సులువుగా అర్థమైంది: తరుముతున్నవాడు ఒకడు, తప్పించుకుంటున్నవాడు ఒకడు.

అయితే జడ్జీ కుర్చీలోంచి చూస్తే ఆ దృశ్యం అంత సులువు కాదు. జడ్జీ రింగ్‌కు ఒక పక్కన, కింద కూర్చుంటాడు. బాక్సర్లిద్దరూ కలబడిపోయినప్పుడు ఒకడి వీపు మాత్రమే కనిపిస్తుంది, ఒక్కోసారి రిఫరీయే అడ్డం వస్తాడు. తాళ్ళకు ఆనుకున్నవాడి మీద ఆరు పంచ్‌లు పడితే అందులో నాలుగు అతని గ్లవ్స్ మీదో మోచేతుల మీదో పడొచ్చు. చప్పుడు మాత్రం ఆరింటికీ ఒకేలా వస్తుంది, జనం ఆరింటికీ అరుస్తారు. అదే సమయంలో వెనక్కి జరుగుతూ వేసిన ఒక సూటి జాబ్ నిశ్శబ్దంగా, శుభ్రంగా ముఖానికి తగలొచ్చు. గంట మోగిన కొద్ది సెకన్లలోనే జడ్జీ 10 ఎవరికో, 9 ఎవరికో నమోదు చేయాలి. రీప్లే ఉండదు.

తిషెంకో పక్షాన మాట్లాడేవాళ్ళ వాదన ఇదే. ముందుకు రావడం దానంతటది పాయింటు కాదు, తగిలించడమే పాయింటు. వెనక్కి అడుగేస్తూ గెలవడం రష్యా, క్యూబా బాక్సింగ్‌లో దశాబ్దాలుగా ఉన్న విద్య. లెవిట్ పక్షాన చెప్పేది కూడా తక్కువ బలమైనది కాదు. అతను ఊరికే ముందుకు రాలేదు, లోపలికొచ్చి గట్టి దెబ్బలు తగిలించాడు. ఎదుటివాడికి తన ఆట తాను ఆడే వీలు లేకుండా చేశాడు. ఎత్తుగడల్లో పైచేయి అన్న నియమానికి అర్థం అదే కదా. నావరకైతే లెవిట్ గెలిచాడనే అనిపిస్తుంది. ఆ రాత్రి హాల్లో ఉన్న చాలామందికీ అలాగే అనిపించింది. కానీ ఒక రౌండు అటు నుంచి ఇటు మారితే స్కోరు తిరగబడే ఆటలో, ఇంకొకరికి వేరేలా కనిపించిందని చెబితే దాన్ని అబద్ధమని కొట్టేయలేను.

మర్నాటి గొడవ, ఐదేళ్ళ తర్వాతి నివేదిక

తగువు ఇక్కడితో ఆగి ఉంటే ఇది ఒక వివాదాస్పద తీర్పుగా మిగిలిపోయేది. మర్నాడే ఆగస్టు 16న బ్యాంటమ్‌వెయిట్ క్వార్టర్ ఫైనల్లో ఐర్లాండ్‌కు చెందిన మైకేల్ కాన్లన్ మీద మరో రష్యన్ వ్లాదిమిర్ నికిటిన్ గెలిచినట్టు ప్రకటించారు. కాన్లన్ రింగ్‌లోనే జడ్జీలకు మధ్యవేళ్ళు చూపించాడు. నికిటిన్ గాయాల వల్ల సెమీస్ ఆడలేకపోయాడు, కాంస్యం దక్కింది. వరుసగా రెండు రోజులు, రెండుసార్లూ రష్యన్లే. అనుమానం ఒక దేశం మీదికి మళ్ళడానికి అది చాలింది. పైగా ఆ ఏడాది జులైలోనే రష్యా ప్రభుత్వం అండతో డోపింగ్ జరిగిందని కెనడా న్యాయ ప్రొఫెసర్ రిచర్డ్ మెక్‌లారెన్ నివేదిక ఇచ్చి ఉన్నాడు.

ఆగస్టు 17న ఐబా ఒక ప్రకటన చేసింది. అప్పటిదాకా జరిగిన 239 ఆటలను సమీక్షించామనీ, వాటిలో వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని తీర్పులు ఆశించిన స్థాయిలో లేవనీ, సంబంధిత రిఫరీలను, జడ్జీలను పక్కనపెట్టామనీ చెప్పింది. ఫలితాలు మాత్రం మారవంది. ఆ తర్వాత రియోలో పనిచేసిన 36 మంది రిఫరీలు, జడ్జీలనూ విచారణ తేలేదాకా తప్పించింది.

అసలు విషయం 2021 సెప్టెంబర్ 30న బయటికొచ్చింది. ఐబా కొత్త నాయకత్వం కోరిక మీద ఇదే మెక్‌లారెన్ రియో బాక్సింగ్‌ను పరిశోధించి నివేదిక ఇచ్చాడు. జడ్జీలను ఆటలకు యాదృచ్ఛికంగా కేటాయించాల్సిన పద్ధతిని పైనున్న అధికారులు పక్కనపెట్టి, తమ మాట వినేవాళ్ళనో, మరీ పని చేతకానివాళ్ళనో కావాల్సిన చోట కూర్చోబెట్టారని అందులో తేల్చాడు. చెప్పినట్టు వినేవాళ్ళతో పాటు చేతకానివాళ్ళు ఎందుకంటే, వాళ్ళు పక్కవాళ్ళ తీర్పుకు అడ్డుపడరు. డబ్బు కోసం, సంస్థకు లాభం అనుకున్నదాని కోసం, కొన్ని జాతీయ సమాఖ్యల రుణం తీర్చుకోవడం కోసం ఫలితాలు మార్చారని రాశాడు. 2006 నుంచి 2017 దాకా ఐబా అధ్యక్షుడిగా ఉన్న తైవాన్‌కు చెందిన సీకే వూ అంతిమంగా బాధ్యత వహించాలన్నాడు. సుమారు 11 ఆటలు అనుమానాస్పదమని లెక్కతేల్చాడు. వాటిలో తిషెంకో, లెవిట్ ఫైనల్ ఉంది, కాన్లన్ ఆట ఉంది, ఫ్రాన్స్‌కు చెందిన టోనీ యోకా బ్రిటన్ బాక్సర్ జో జాయిస్ మీద గెలిచిన సూపర్ హెవీవెయిట్ ఫైనల్ కూడా ఉంది.

ఈ చివరి పేరు ముఖ్యమైనది. గొడవ ఒక్క రష్యాదే అయితే ఫ్రాన్స్ స్వర్ణం ఆ జాబితాలో ఉండదు. నివేదిక వేలెత్తి చూపింది అధికారుల గుంపును, ఒక జెండాను కాదు.

అనుమానం, రుజువు: రెండూ ఒకటి కావు

ఇక్కడ చాలామంది తొందరపడతారు. ఒక ఆట అనుమానాస్పదం అన్నంత మాత్రాన ఆ ఆటలో ఫలితం కొనేశారని రుజువైనట్టు కాదు. జడ్జీలను వక్రమార్గంలో కూర్చోబెట్టారన్నది వ్యవస్థ గురించిన నిర్ధారణ. ఫలానా జడ్జీ ఫలానా రౌండును డబ్బు తీసుకుని ఇచ్చాడన్నది వ్యక్తి గురించిన ఆరోపణ. మొదటిదాని మీద నివేదిక గట్టిగా మాట్లాడింది. ఇక బాక్సర్ విషయానికొస్తే, తన ఆటకు ఏ జడ్జీ వస్తాడో నిర్ణయించే గదిలో అతనికి కుర్చీ ఉండదు.

మరి పతకం ఎందుకు వెనక్కి తీసుకోలేదు? క్రీడా న్యాయంలో మైదానంలో ఇచ్చిన తీర్పును తర్వాత కోర్టులు తిరగదోడవన్నది పాతుకుపోయిన సూత్రం. దురుద్దేశం స్పష్టంగా రుజువైతేనే వేలు పెడతారు. రాయ్ జోన్స్ విషయంలోనూ అంతే. సోల్ ఆటపై ఒలింపిక్ కమిటీ చేయించిన విచారణ 1997లో ముగిసింది, లంచానికి రుజువు దొరకలేదని ఫలితాన్ని అలాగే ఉంచారు. డోపింగ్‌లో అలా కాదు, అక్కడ పరీక్ష ఫలితమే సాక్ష్యం. రియోలోనే రష్యాకు చెందిన ఫ్లైవెయిట్ మిషా అలోయాన్ నిషిద్ధ పదార్థం దొరికి రజతం పోగొట్టుకున్నాడు. జడ్జీ మనసులో ఏముందో చెప్పే పరీక్ష ఏ ల్యాబ్‌లోనూ లేదు.

ఈ సూత్రాన్ని సమర్థించేవాళ్ళు ఒకటంటారు: ప్రతి ఓటమీ కోర్టుకెక్కితే ఆట నడవదు. వ్యతిరేకించేవాళ్ళు అడిగేది వేరు: జడ్జీల కేటాయింపే తప్పుడుదని తేలాక, అది ఇంకా మైదానపు తీర్పు ఎలా అవుతుంది, ఆఫీసు గదిలో జరిగిన తప్పు కాదా? నాకు రెండోవాళ్ళ ప్రశ్నే బరువుగా తోస్తుంది. కానీ దానికి పరిష్కారం అడిగితే ఎవరి దగ్గరా సుళువైన జవాబు లేదు. లెవిట్‌కు స్వర్ణం ఇవ్వాలంటే అతనే గెలిచాడని తేల్చాలి. దాన్ని తేల్చాల్సింది మళ్ళీ కొందరు జడ్జీలే.

తర్వాత తిషెంకో ఏమయ్యాడు

2017 హాంబర్గ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మళ్ళీ ఫైనల్ చేరాడు. ఈసారి దోహాలో తన చేతిలో ఓడిన సావోన్ గెలిచాడు. ఆ టోర్నీలో కాంస్యం గెలిచినవాళ్ళలో లెవిట్ ఒకడు. ఈ వరుస చూస్తే 2013 నుంచి 2017 దాకా జరిగిన మూడు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు, ఒక ఒలింపిక్స్, నాలుగింటిలోనూ తిషెంకో ఫైనల్ ఆడాడు. రియో ఫలితాన్ని పూర్తిగా తీసి పక్కన పెట్టినా, అదొక అరుదైన నిలకడ.

2018లో ప్రొఫెషనల్ అయ్యాడు. 2020 డిసెంబర్‌లో దక్షిణాఫ్రికాకు చెందిన తాబిసో మ్చునూ చేతిలో మొదటి ఓటమి చూశాడు. మ్చునూ అతనికంటే చాలా పొట్టివాడు. దూరాన్ని చెరిపేసి లోపలికొచ్చేవాడితో తిషెంకోకు ఇబ్బంది అన్నది అక్కడా కనిపించింది. నికిటిన్ కూడా ప్రొఫెషనల్ అయ్యాడు. 2019 డిసెంబర్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కాన్లన్ అతణ్ణి పాయింట్ల మీద ఓడించి తన పాత లెక్క సరిచేసుకున్నాడు.

ఈలోపు ఐబా పరువు గంగలో కలిసింది. 2019లో ఒలింపిక్ కమిటీ దాన్ని సస్పెండ్ చేసి, టోక్యో బాక్సింగ్‌ను సొంత బృందంతో నడిపించింది. 2020 చివర్లో రష్యాకు చెందిన ఉమర్ క్రెమ్లెవ్ అధ్యక్షుడయ్యాడు, సంస్థ పేరు ఐబీఏ అయింది, 2023 జూన్‌లో ఒలింపిక్ గుర్తింపు పూర్తిగా పోయింది. దానికి పోటీగా అదే ఏడాది పుట్టిన వరల్డ్ బాక్సింగ్ ఇప్పుడు ఒలింపిక్ బాట నడిపిస్తోంది. భారత్ 2024లో అందులో చేరింది.

ఈ గొడవ తెలుగువాళ్ళకు ఎంత దగ్గరగా వచ్చిందో కూడా చెప్పాలి. 2023 మార్చిలో ఢిల్లీలో ఐబీఏ నడిపిన మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రష్యన్లను జెండాతో ఆడనిచ్చారు. అందుకు నిరసనగా కొన్ని దేశాలు రాలేదు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ రెండో ప్రపంచ స్వర్ణం గెలిచింది ఆ టోర్నీలోనే. ఆమె కష్టానికీ, నిర్వాహకుల రాజకీయానికీ సంబంధం లేదని మనం వెంటనే ఒప్పుకుంటాం. అదే కొలత తిషెంకోకూ వర్తిస్తుంది.

ఇప్పుడు స్కోరు ఎలా వేస్తారు, ఏం మిగిలింది

టోక్యోలో ఐదుగురి స్కోర్లూ లెక్కలోకొచ్చాయి. ప్రతి రౌండు తర్వాతా స్కోరు చూపించారు. అయినా అయోమయం పోలేదు. మేరీ కోమ్ ఉదాహరణే చూడండి. కొలంబియాకు చెందిన ఇంగ్రిత్ వాలెన్సియాతో ఆడినప్పుడు మొదటి రౌండు నలుగురు జడ్జీలు వాలెన్సియాకు ఇచ్చారు. రెండో రౌండూ, మూడో రౌండూ ముగ్గురు చొప్పున మేరీకి ఇచ్చారు. మూడింట్లో రెండు రౌండ్లు మేరీవే అనిపిస్తుంది. ఫలితం మాత్రం 3-2తో వాలెన్సియాది. ఎందుకంటే రౌండ్లను కాదు, ఒక్కో జడ్జీ మొత్తాన్ని విడిగా చూస్తారు. రెండో రౌండు మేరీకి ఇచ్చిన ముగ్గురూ, మూడో రౌండు ఇచ్చిన ముగ్గురూ ఒకరే కాకపోతే, వాళ్ళలో కొందరి కార్డు మీద ఆమె గెలిచింది ఒక్క రౌండే అవుతుంది. అందులో మోసం లేదు, కూడిక అలా పడింది. ఓడిపోయానని ఆమెకు రింగ్‌లో అర్థం కాలేదంటే ఆశ్చర్యమేముంది?

మరో మార్పు ఐబీఏ టోర్నీల్లో వచ్చిన ఆట సమీక్ష. తీర్పు 3-2గా చీలినప్పుడు బయటినుంచి గమనించే ఇద్దరు అధికారుల అభిప్రాయం కూడా కలుపుతారు, అప్పుడు మొత్తం ఏడు ఓట్లవుతాయి. 2023 తాష్కెంట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీస్‌లో భారత బాక్సర్ దీపక్ భోరియా ఫ్రాన్స్‌కు చెందిన బిలాల్ బెన్నామా చేతిలో ఓడింది అలా సమీక్ష తర్వాత, 3-4తో. నిజామాబాద్‌కే చెందిన హుసాముద్దీన్ మోకాలి గాయంతో సెమీస్ ఆడలేక కాంస్యంతో వెనుదిరిగింది కూడా అదే టోర్నీలో.

సమీక్ష వల్ల బొటాబొటీ తీర్పులకు ఇంకో జత కళ్ళు తోడయ్యాయి. అది పనికొచ్చే మార్పే. కానీ ఏకగ్రీవ తీర్పులు దాని పరిధిలోకి రావు. రియో ఫైనల్లో లెక్కకొచ్చిన ముగ్గురూ ఒకే మాట అన్నారు. చీలిక లేదు కాబట్టి, ఈ సమీక్ష ఆనాడే ఉండి ఉన్నా తిషెంకో, లెవిట్ ఆట దానిదాకా వెళ్ళేది కాదు. జడ్జీలను ముందే ఏరి కూర్చోబెట్టినచోట వచ్చే తీర్పు ఏకగ్రీవంగానే ఉంటుంది. అందుకే ఇప్పుడు వరల్డ్ బాక్సింగ్ టోర్నీల్లో గమనించాల్సింది స్కోరు కార్డుకంటే ముందు జరిగే పని: ఏ ఆటకు ఏ ఐదుగురు కూర్చుంటారో ఎవరు, ఎప్పుడు, ఎలా తేలుస్తున్నారన్నది.